రేడియో సాఫ్ట్‌వేరైంది.. మీ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ అవుతోందా?

2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ నెట్‌వర్క్‌ను ప్రధాని ప్రారంభించారు. అందులో కోర్ సీ-డాట్‌ది, టవర్ల దగ్గరుండే రేడియో పరికరాలు తేజస్ నెట్‌వర్క్స్‌వి, అన్నింటినీ కలిపి నడిపించే పని టీసీఎస్‌ది. పది రోజులు తిరక్కముందే, అక్టోబరు 6న డీఆర్‌డీవో త్రివిధ దళాలతో కలిసి ‘ఐఆర్ఎస్ఏ 1.0’ అనే ప్రమాణాన్ని విడుదల చేసింది. సైన్యం వాడే సాఫ్ట్‌వేర్ రేడియోలను ఏ కంపెనీ తయారుచేసినా, ఒకదాని కోసం రాసిన ప్రోగ్రామ్ మరోదానిలోనూ పనిచేయాలన్నది దాని ఉద్దేశం.

ఈ రెండు వార్తలనూ కరెంట్ అఫైర్స్ నోట్సులో ఒక్కో లైనుగా రాసుకుని ఉంటారు. తేదీ, ఊరు, సంస్థ పేరు గుర్తుంటే పోటీ పరీక్షలో ఓ మార్కు. కానీ ఈసీఈ, సీఎస్ఈ చదివేవాళ్లకు వీటిలో అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. ఒకప్పుడు ఫిల్టర్, మిక్సర్, డీమాడ్యులేటర్ అంటూ సర్క్యూట్లతో చేసిన పనిని ఇప్పుడు కోడ్ చేస్తోంది. యాంటెన్నా పట్టిన సిగ్నల్‌ను అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు ఇస్తే చాలు, మిగతాదంతా ప్రోగ్రామే. ప్రోగ్రామ్ మారిస్తే అదే పెట్టె ఎఫ్ఎం వింటుంది, విమానాల సంకేతాలు పడుతుంది, సరైన హార్డ్‌వేర్ ఉంటే సెల్ టవర్ కూడా అవుతుంది. దీన్నే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో, పొట్టిగా ఎస్‌డీఆర్ అంటున్నారు.

దీనికి కావలసిన టూల్స్ చాలావరకు ఉచితం. 2001లో మొదలైన జీఎన్‌యూ రేడియో ఉంది. 4జీ, 5జీ ప్రయోగాలకు ఓపెన్‌ఎయిర్‌ఇంటర్‌ఫేస్, ఎస్ఆర్ఎస్‌రాన్ ఉన్నాయి. టీవీ చూడటానికి తయారైన ఓ యూఎస్‌బీ డాంగిల్‌ను రేడియో రిసీవర్‌గా వాడొచ్చని 2012లో బయటపడ్డాక, కొన్ని వేల రూపాయలతో ఇంట్లోనే మొదలుపెట్టే వీలొచ్చింది. మరి ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ఇది ఎందుకింత అరుదుగా కనిపిస్తుంది? నా అంచనా ఇది: ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ దాకా వెళ్లకముందే, మొదటి కంపైల్ ఎర్రర్ దగ్గరే చాలామంది వదిలేస్తారు. ఆ తర్వాత అమీర్‌పేటలో దొరికే రెడీమేడ్ ప్రాజెక్టు ఉండనే ఉంది.

ఆ ఎర్రర్లలో ఎక్కువ భాగానికి రేడియోతో సంబంధమే లేదు. అవి వెర్షన్ల గొడవలు.

పాత పాఠం, కొత్త మెషీన్

ఉబుంటు 24.04 ఉన్న ల్యాప్‌టాప్‌లో, 2018లో ఎవరో రాసిన ట్యుటోరియల్ చూస్తూ కూర్చున్నారనుకోండి. డాంగిల్ పెట్టగానే ‘యూఎస్‌బీ క్లెయిమ్ ఇంటర్‌ఫేస్ ఎర్రర్ -6’ అని వస్తుంది. డాంగిల్ పాడైందనుకుని రిటర్న్ పెట్టేవాళ్లున్నారు. అసలు సంగతేంటంటే, అందులోని ఆర్‌టీఎల్2832యూ చిప్‌ను లినక్స్ కెర్నల్ టీవీ ట్యూనర్‌గా గుర్తుపట్టి, మీకంటే ముందే తన టీవీ డ్రైవర్‌కు అప్పగించేసింది. ఆ డ్రైవర్‌ను బ్లాక్‌లిస్ట్‌లో పెట్టి రీబూట్ చేస్తే సరిపోతుంది. సుడోతో నడిచి, మామూలుగా నడవకపోతే యూడెవ్ రూల్స్ ఫైల్ పడలేదని అర్థం. ప్రతిదానికీ సుడో కొట్టే అలవాటు మాత్రం చేసుకోకండి, తర్వాత ఏ ఫైల్ ఎవరిదో తెలియక ఇంకో తలనొప్పి.

తర్వాత సీమేక్. 2025 మార్చిలో వచ్చిన సీమేక్ 4.0, 3.5 కంటే పాత వెర్షన్ల కోసం రాసిన బిల్డ్ ఫైళ్లను తీసుకోవడం మానేసింది. ఏళ్లుగా ఎవరూ ముట్టుకోని ఎస్‌డీఆర్ ప్రాజెక్టుల్లో మొదటి లైనులోనే 2.6 అనో 2.8 అనో ఉంటుంది. నిన్నటిదాకా బిల్డ్ అయిన కోడ్, కొత్త డిస్ట్రోకి మారగానే మొదటి అడుగులోనే ఆగిపోతుంది. కోడ్‌లో తప్పేమీ ఉండదు. ఆ లైనులో అంకె మార్చాలి, లేదా కనీస పాలసీ వెర్షన్ 3.5 అని కమాండ్‌లోనే చెప్పాలి. ఎర్రర్ మెసేజ్‌ను చివరిదాకా చదివితే ఈ రెండో ఉపాయం అందులోనే రాసి ఉంటుంది. చదవరు, అంతే.

అసలు చిక్కు జీఎన్‌యూ రేడియో వెర్షన్లది. 2019లో వచ్చిన 3.8తో పైథాన్ 3కి, క్యూటీ 5కి మారారు. 2021లో 3.9 వచ్చేసరికి సీ++ను పైథాన్‌కు కలిపే స్విగ్ పోయి పైబైండ్11 వచ్చింది. 2022లో 3.10. బయటివాళ్లు రాసిన మాడ్యూల్ ఏ వెర్షన్ కోసం రాసిందో దానితోనే కుదురుతుంది. ఉబుంటు 20.04లో దొరికేది 3.8, 22.04లోనూ 24.04లోనూ 3.10. అంటే ట్యుటోరియల్ రాసినాయన మెషీన్ వేరు, మీ మెషీన్ వేరు. దీన్ని పసిగట్టడానికి ఓ కిటుకు: బిల్డ్ లాగ్‌లో స్విగ్ అన్న మాట కనిపిస్తే ఆ కోడ్ 3.8 కాలానిదో అంతకుముందుదో. అప్పుడు తలకొట్టుకోకుండా అదే ప్రాజెక్టులో 3.10 కోసం వేరే బ్రాంచ్ ఉందేమో చూడండి, చాలావాటికి ఉంటుంది. చాట్‌బాట్‌ను అడిగినా జాగ్రత్తే. నెట్‌లో పాత జవాబులే ఎక్కువ కాబట్టి 3.7 కమాండ్లను 3.10 కమాండ్లతో కలిపి వడ్డించేస్తుంది.

పిప్ దగ్గర ఇంకో గుంట ఉంది. సిస్టమ్ పైథాన్‌లోకి నేరుగా ప్యాకేజీలు వేయనివ్వకుండా ఉబుంటు, డెబియన్ 2023 నుంచి అడ్డుకుంటున్నాయి. ఆ అడ్డు తీసేసే ఆప్షన్ పేరే ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’. పేరులోనే హెచ్చరిక ఉన్నా కాపీ పేస్ట్ చేసేస్తాం. దాంతోపాటు నంపై 2 వచ్చి కూర్చుంటుంది. ఉబుంటు 24.04లోని జీఎన్‌యూ రేడియో నంపై 1 మీద కంపైలైనది. మర్నాడు అది తెరుచుకోదు, నిన్న వేసిన ప్యాకేజీ వల్లేనని తట్టదు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో వేసుకుంటే చెడినా ఆ ఫోల్డర్ తీసేస్తే పోతుంది.

బిల్డ్ వంద శాతం అయ్యాక కూడా మాడ్యూల్ దొరకలేదంటుంటే, ముందు ఎల్‌డీకాన్ఫిగ్ నడిపారా అని చూసుకోండి. తర్వాత పైథాన్ వెతికే దారిలో ఆ ఫోల్డర్ ఉందో లేదో చూడాలి. అన్నింటికంటే చికాకు పెట్టేది ‘అన్‌డిఫైన్డ్ సింబల్’. ఏపీటీతో ఒక జీఎన్‌యూ రేడియో, సోర్స్ నుంచి ఇంకోటి వేసి రెండూ కలిసిపోతే వచ్చే ఎర్రర్ సాధారణంగా ఇదే. ఏది ఏ లైబ్రరీని పట్టుకుందో ఎల్‌డీడీ చెబుతుంది. రెండింట్లో ఒకటి తీసేయక తప్పదు.

4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఓ మాట. కంపైల్ మధ్యలో ‘కిల్డ్’ అని వచ్చి ఆగిపోతే కోడ్‌ను అనుమానించకండి, మెమరీ చాల్లేదు. ఒకేసారి నడిచే పనులను ఒకటికో రెండుకో తగ్గించి, టీ తాగి రండి. ఇంకోటి, స్క్రీన్ మీద చివరి లైనులో ఉండే ‘మేక్ ఎర్రర్ 2’ ఏమీ చెప్పదు. పైకి వెళ్లి మొదటి ఎర్రర్ ఎక్కడుందో వెతకాలి. కింద ఉన్నవన్నీ దాని పిల్లలే.

ఇదంతా దేనికి పనికొస్తుంది?

రేడియోకొండాలాంటి రెడీమేడ్ ప్యాకేజీ వేసుకుంటే పది నిమిషాల్లో అయిపోయేదానికి ఈ తిప్పలెందుకని అడగొచ్చు. మొదటి రోజుకి అదే మంచిది, నేనూ అదే చెబుతాను. కానీ కంపెనీలో మీకిచ్చే బోర్డుకు రెడీమేడ్ ప్యాకేజీ ఉండదు. వేరే ప్రాసెసర్, పాత కెర్నల్, ఎప్పుడో ఎవరో రాసిన లైబ్రరీ. ఓపెన్ సోర్స్ 5జీ స్టాక్‌ను దాని మీద నిలబెట్టడమే చాలాచోట్ల మొదటి నెలల పని.

ఈ పని మనకు దూరంగానూ లేదు. 2022 మే 17న ప్రారంభమైన దేశీయ 5జీ టెస్ట్‌బెడ్‌ను ఐఐటీ మద్రాస్ నేతృత్వంలో నిర్మించిన 8 సంస్థల్లో ఐఐటీ హైదరాబాద్ ఒకటి. అక్కడి నుంచే పుట్టిన వైసిగ్ నెట్‌వర్క్స్ 5జీ మీద పనిచేస్తోంది. డీఆర్‌డీవో ఎలక్ట్రానిక్ యుద్ధతంత్ర ప్రయోగశాల డీఎల్ఆర్ఎల్ ఉన్నది హైదరాబాద్‌లోనే. అయితే ఒక సంగతి దాచడం బాగుండదు. ఐటీ సర్వీసెస్ కంపెనీల్లా వేలల్లో తీసుకునే రంగం కాదిది. జాబ్ పోర్టల్‌లో ‘ఎస్‌డీఆర్’ అని మాత్రమే కొడితే దొరికేవి కొద్దే. ఎల్1 డెవలపర్, ఫిజికల్ లేయర్, ప్రోటోకాల్ టెస్టింగ్, ఎంబెడెడ్ లినక్స్, ఇంటిగ్రేషన్ ఇంజినీర్ లాంటి పేర్లతో వెతకండి. వాటికి సీ++, లినక్స్, డీఎస్‌పీ మూడూ కావాలి. రేడియో ఉద్యోగం రాకపోయినా, బిల్డ్ లాగ్ చదవగలిగినవాడికి డెవ్‌ఆప్స్‌లోనూ పనుంది.

రెజ్యూమెలో ‘జీఎన్‌యూ రేడియో తెలుసు’ అని రాస్తే ఎవరూ నమ్మరు. పైన చెప్పిన సీమేక్ లైనులాంటిది ఓ పాత ప్రాజెక్టులో సరిచేసి పుల్ రిక్వెస్ట్ పంపండి. రెండు లైన్ల మార్పే కావచ్చు, మీ పేరుతో అందరికీ కనిపించేలా ఉంటుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు తెరిచి చూసుకోవచ్చు. ఏ మెషీన్, ఏ వెర్షన్, ఏ కమాండ్, మొదటి ఎర్రర్ ఏమిటి అని పొందికగా రాసిన బగ్ రిపోర్టు కూడా అంతే విలువైనది.

ఒక జాగ్రత్త. ఆర్‌టీఎల్ డాంగిల్ వినడానికే పనికొస్తుంది. ప్రసారం చేసే బోర్డు చేతికొస్తే మాత్రం లైసెన్సు లేకుండా యాంటెన్నా తగిలించకండి. కేబుల్, అటెన్యుయేటర్ పెట్టి ల్యాబ్‌లోనే ప్రయోగాలు చేసుకోవాలి. ఇతరుల ఫోన్ సంభాషణల జోలికి అసలే వెళ్లొద్దు, అది నేరం.

మొదటి ప్రాజెక్టుగా ఏం చేయాలి? యూట్యూబ్‌లో చాలామంది నోవా వాతావరణ ఉపగ్రహాల బొమ్మలు పట్టడం చూపిస్తారు. అదీ పాత పాఠమే. ఆ సంకేతాలిచ్చిన నోవా 15, 18, 19 మూడింటినీ 2025లోనే ఆపేశారు. బదులుగా 137 మెగాహెర్ట్జ్ దగ్గరే సంకేతాలిచ్చే రష్యా ఉపగ్రహాలు మీటియోర్-ఎం 2-3, 2-4 ఉన్నాయి. డీకోడ్ చేయడానికి శాట్‌డంప్ అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది. డాబా మీద రెండు రాడ్లతో వీ ఆకారపు యాంటెన్నా కట్టుకుంటే చాలు. ఉపగ్రహం మన నెత్తిమీదుగా వెళ్లేది పది, పదిహేను నిమిషాలే కాబట్టి శాట్‌డంప్‌ను ముందురోజే బిల్డ్ చేసి, ఎఫ్ఎం స్టేషన్ మీద డాంగిల్‌ను ఓసారి పరీక్షించి ఉంచుకోండి.