అది బంగారు గని కాదు

అలాస్కాలోని కెన్నెకాట్ దగ్గరి బొనాంజా గనిని గత సంచికలో ‘బంగారు గని’ అని రాశారు. అది రాగి గని. అక్కడి రాళ్ల మీది ఆకుపచ్చ మరకే చెబుతుంది. ఖనిజం తరిగిపోయి 1938లో మూతపడింది. మధ్యలో మీరు రాసిన దయ్యాల కథెందుకో!

‘పిల్లాపాపలతో సరదాగా ఎక్కొచ్చు’ అన్నారు, అదింకా ప్రమాదం. నిరుడు మేం ఎనిమిది మందిమి వెళ్లాం. రానూపోనూ 14 కిలోమీటర్ల పైనే, ఎక్కాల్సింది 1,100 మీటర్లకు పైగా. చెట్లు దాటాక నీడ లేదు. కంకర జారి మా బావగారు కూలబడితే పులిహోర డబ్బా లోయలోకి దొర్లింది. ముగ్గురు సగంలోనే వెనుదిరిగారు.

పైగా సొరంగంలోకి వెళ్లి ఫొటో దిగమంటారా? పాత గనిలో కప్పు ఎప్పుడు కూలుతుందో ఎవరికీ తెలీదు. ఆ వాక్యాన్నైనా సవరించండి.

— సుబ్బారావు, సియాటిల్