కుర్చీ లెక్కయా? పని లెక్కయా?

ప్రభుత్వోద్యోగి యింటనుండి పనిచేయవచ్చునా యను ప్రశ్న వచ్చినప్పుడెల్ల మన పెద్దలు రెండు పక్షములుగా చీలుదురు. ఇంట నున్నవాఁడు నిద్రించునని యొక పక్షము. ఇంటిపనియే నాగరికత యని వేఱొక పక్షము. కచేరీలలో కాగితములు నిద్రింపలేదా యని మొదటివారిని, ఆ నాగరికత యెవరికని రెండవవారిని మేమడుగుచున్నాము.

2020 మార్చిలో కరోనా మహమ్మారి కచేరీల తలుపులు మూయించినప్పుడు ఈ పద్ధతి యవసరమువలన వచ్చినదే కాని యాలోచనవలన వచ్చినది కాదు. 2022 జనవరిలో కేంద్రప్రభుత్వము అండర్ సెక్రటరీకి దిగువనున్న యుద్యోగులలో సగముమందిని ఇంటనుండి పనిచేయనిచ్చి, ఫిబ్రవరి 7 నుండి యందఱును కచేరీకి రావలెనని యాజ్ఞాపించినది. అమెరికాలో 2010లో ఇందుకై శాసనమే చేసి, ఏటేటా ఫలితములను చట్టసభకు నివేదింపవలెనని విధించిరి. అయినను 2025 జనవరి 20న నూతనాధ్యక్షుఁడు ఉద్యోగులను కచేరీలకు మరలింప నుత్తరు విచ్చెను. తెఱచుటయు నుత్తరువే, మూయుటయు నుత్తరువే. నడుమ ప్రజల మాట యెక్కడ?

జూబిలీహిల్సును చూడుఁడు. ఉద్యోగులకు పరిపాలన నేర్పు మర్రి చెన్నారెడ్డి మానవవనరుల అభివృద్ధి సంస్థ యక్కడనే కలదు. ఆ చేరువనే ఫిలింనగరు బస్తీలలో సినిమాపనివారును కూలివారును కాపురముందురు. లైట్లు మోయువాని పని యింటనుండి జరుగునది కాదు. రేషనుకార్డునకో పింఛనునకో కచేరీకి పోయిన నొకదినపు కూలి పోవును; అచ్చట నుద్యోగి కనఁబడనిచో రెండవదినపు కూలియు పోవును. 2023 డిసెంబరు 28 మొదలు 2024 జనవరి 6 వఱకు ప్రజాపాలన పేర నుద్యోగులే బస్తీలకు వచ్చి దరఖాస్తులు పుచ్చుకొనిరి. అనఁగా కచేరీ కదలఁగలదు. అది కదలవలసినది ఉద్యోగి యింటికా, ప్రజల వాకిటికా?

మేము ఇంటిపనికి శత్రువులము కాము. దస్త్రములు పరిశీలించువాఁడును లెక్కలు వ్రాయువాఁడును ఇంట కూర్చుండి చేసిన నష్టమేమి? పసిబిడ్డతల్లికి అది మేలు కూడను. కాని వీధులూడ్చువారికి, ఇల్లిల్లు తిరుగు ఆరోగ్యకార్యకర్తకు, కరెంటుస్తంభ మెక్కువానికి లేని సౌకర్యము కొందఱికే యిచ్చునప్పుడు లెక్క చెప్పవలెను. దరఖాస్తు ఎన్ని దినములలో తీఱినది? ప్రజలను ఎన్నిమార్లు త్రిప్పిరి? వచ్చినవానికి బదులుచెప్పు మనిషి కచేరీలో నుండెనా? ఇంటిపనికి ముందటి లెక్కను, పిమ్మటి లెక్కను ప్రక్కప్రక్కనే కచేరీగోడకు అంటింపుఁడు. మేలు కనఁబడినచో సాగింపుఁడు, లేనిచో మానుఁడు. జీతమిచ్చు ప్రజకు ఆమాత్రపు లెక్క యడుగు హక్కు లేదా?