ఉప్పల్‌కు ఒత్తు పెట్టేదెవరు?

ఉప్పల్, నాచారం హైదరాబాదు తూర్పు దిక్కున ఇరుగుపొరుగు పేటలు. యూనికోడు లెక్కలో రెండు పేర్లకూ ఆరేసి సంకేతాలే. తెర మీదికి వచ్చేసరికి మాత్రం వీటి దారులు వేరవుతాయి. నాచారంలో ఒత్తు లేదు, పొల్లు లేదు. గుణింతం సరిగా పడితే చాలు. ఉప్పల్ అంత సులువుగా లొంగదు. పకారం, పొల్లు, మళ్ళీ పకారం వరుసగా వస్తే రెండవ పకారాన్ని ఒత్తుగా మార్చి మొదటిదానికి చేర్చాలని కంప్యూటరుకు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. చెప్పనివారి చేతిలో అది ‘ఉప్‌పల్’గా విరిగిపోతుంది. ఇలా విరిగిన పేర్లను ఈ రెండు పేటల నడుమ ఫ్లెక్సీల మీద నేను చాలాసార్లు చూశాను. ఈ బెడద పడలేక చాలా ఫ్లెక్సీ దుకాణాలవారు నేటికీ ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలను అమర్చిన పాత ఖతులనే వాడుతున్నారు. అచ్చు అందంగానే వస్తుంది. ఆ పాఠాన్ని తెచ్చి జాలంలో పెడితే మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు మిగులుతాయి.

ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరన్నదే నా ప్రశ్న. లినక్సు ప్రపంచంలో ఈ పనిని కొన్ని లైబ్రరీలు పంచుకున్నాయి. ఏ సంకేతాల వరుసకు ఖతిలోని ఏ ఆకారం తీసుకోవాలో, దానిని ఎక్కడ ఉంచాలో హార్ఫ్‌బజ్ తేలుస్తుంది. ఖతిలోని గీతలను ఫ్రీటైప్ చుక్కలుగా మారుస్తుంది. ఆ చుక్కల అంచులను వెనుక ఉన్న రంగుతో పిక్స్‌మన్ కలుపుతుంది. కైరో అనే చిత్రలేఖన లైబ్రరీ తన కింద ఈ పిక్స్‌మన్‌నే నమ్ముకొని ఉంటుంది. హార్ఫ్‌బజ్ అన్న పేరు ఓపెన్‌టైప్ అన్న మాటకు ఫారసీ అనువాదం. ‘హర్ఫ్’ అంటే అక్షరమని ఉర్దూ తెలిసిన హైదరాబాదీలకు చెప్పనక్కరలేదు. ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ దీనికి ప్రధాన శిల్పి. ఫైర్‌ఫాక్సులో, క్రోములో, ఆండ్రాయిడులో, లిబ్రెఆఫీసులో మన ఒత్తులు కుదురుగా కూర్చుంటున్నాయంటే అందులో ఈ లైబ్రరీకి పెద్ద వాటా ఉంది.

తెలుగులో రాసి, తెలుగు ఖతులను గురించి వాదులాడుకొనే మనలో ప్రతి ఒక్కరూ కనీసం ఒక్కసారి ఈ లైబ్రరీలను సోర్సు కోడు నుంచి స్వయంగా కట్టి చూడాలన్నది నా అభిప్రాయం.

పని మొదటిసారి కొంత చికాకు పెడుతుందని ఒప్పుకోవాలి. హార్ఫ్‌బజ్ ఖతిని చదవడానికి ఫ్రీటైప్‌ను వాడుకోగలదు. ఫ్రీటైప్ అక్షరాలకు తనంత తానే పదును పెట్టేటప్పుడు హార్ఫ్‌బజ్‌ను అడుగుతుంది. చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కు ఇది. ముందు హార్ఫ్‌బజ్ లేకుండా ఫ్రీటైప్‌ను కట్టి, తరువాత హార్ఫ్‌బజ్‌ను కట్టి, ఆ పైన ఫ్రీటైప్‌ను మరొకసారి కట్టడం చాలా ఏళ్ళుగా అందరూ పాటించిన ఉపాయం. పూర్వం కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అన్న మూడు ఆదేశాలతో సాగిన తంతు ఇప్పుడు ఈ లైబ్రరీలలో మీసన్, నింజాల చేతికి వచ్చింది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది: కట్టినదాన్ని వ్యవస్థ సొంత లైబ్రరీల మీద పోయకండి. మీ హోమ్ ఫోల్డరులో వేరే చోటు చూపి అక్కడ స్థాపించండి. లేకపోతే డెస్కుటాపంతా మీ ప్రయోగానికి బలి కావచ్చు. రెండవది: మీసన్ చివర చూపే పట్టికను తప్పక చదవండి. కైరో దొరకకపోతే అది గొడవ చేయదు, ఊరికే ‘లేదు’ అని రాసుకొని ముందుకు పోతుంది. అప్పుడు పదాన్ని బొమ్మగా గీసి చూపే హెచ్‌బీ-వ్యూ అన్న పనిముట్టు తయారు కాదు.

సిద్ధమైన ప్యాకేజీ ఒక్క ఆదేశంతో దిగుతుండగా ఈ శ్రమ దేనికని మిత్రులు అడుగుతారు. వాడుకోవడానికే అయితే నిజంగా అక్కరలేదు. కానీ హార్ఫ్‌బజ్‌లో దేవనాగరి మొదలు మలయాళం దాకా తొమ్మిది భారతీయ లిపులకు కలిపి ఒకే మలిచే భాగం ఉంది. మలయాళం కోసం చేసిన దిద్దుబాటు తెలుగును కదిలించవచ్చు. కదిలిందని కనిపెట్టే కన్ను తెలుగు చదివేవాడిది కావాలి. ఆ కన్ను కోడు దగ్గరకు వెళ్ళకపోతే లోపం లోకమంతా పాకిన తరువాతనే మనకు తెలుస్తుంది.

2018 ఫిబ్రవరిలో జరిగినది గుర్తుందా? ‘జ్ఞా’ అన్న అక్షరం ఐఫోన్లను కూలుస్తోందని ప్రపంచమంతా చెప్పుకొంది. నిజానికి మామూలు ‘జ్ఞానం’ ఏ ఫోనునూ కూల్చలేదు. ‘సాఫ్ట్‌వేర్’ అన్నప్పుడు టకారానికి వ-ఒత్తు పడకుండా మనం నడుమ చొప్పించే కనబడని అక్షరం ఉందే, అది జ్ఞకూ దీర్ఘానికీ మధ్య చేరినప్పుడే ఆ ఉపద్రవం. బెంగాలీ, దేవనాగరిలలోనూ అటువంటి కూర్పులున్నాయని తరువాత తేలింది. అయినా పేరు పడింది తెలుగు అక్షరానికే. ఆపిల్ తన అక్షర యంత్రం తలుపులు మూసి ఉంచింది కనుక అందులోకి తొంగిచూసే వీలు తెలుగువారికి లేదు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చేవరకూ ఎదురుచూడడం తప్ప మరో దారి లేకపోయింది. హార్ఫ్‌బజ్ తలుపు తెరిచే ఉంది. తెరిచిన తలుపులోకి కూడా మనం అడుగు పెట్టకపోతే ఆ రెండింటికీ మనవరకు తేడా ఏముంది?

అందరూ ప్రోగ్రామర్లు కావాలనడం లేదు. ఒకసారి కట్టడం వస్తే, చెడిన పదాన్ని ఆకారాల వరుసగా విడగొట్టి హెచ్‌బీ-షేప్‌లో చూడవచ్చు. తప్పు ఖతిదో లైబ్రరీదో తేల్చుకోవచ్చు. ఆ ఒక్క పదాన్నీ పరీక్షగా రాసి అక్కడివారికి పంపవచ్చు. లేఖినిలో అక్షరం అక్షరం కూర్చుకొని టపాలు రాసిన ఓపిక మనకుంది. అందులో ఒక ఆదివారం పూట చాలు. పరీక్షకు మీ ఊరి పేరుతోనే మొదలుపెట్టండి. ఒత్తులున్న ఊరైతే మరీ మంచిది.