టోక్యోలో చలి... పటాన్‌చెరులో సెగ!

టోక్యోలో చలి ముదిరితే పటాన్‌చెరులో బాయిలర్ నడిపే వాళ్లకి చెమటలు పడతాయి. హాస్యానికి అంటున్న మాట కాదు. గ్యాసు వ్యాపారం అలాంటిది మరి!

ముందు ఒక చిన్న తేడా చెప్పుకోవాలి. మన వంటింటి సిలిండర్లో ఉండేది ఎల్పీజీ. ఇక్కడ చెప్పేది సహజవాయువు గురించి. ఆటోలకు సీఎన్‌జీగా, ఇళ్లకూ ఫ్యాక్టరీలకూ పైపుల్లో వచ్చేది ఇదే. దీన్ని మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై, పరిమాణం 600వ వంతుకు తగ్గుతుంది. ఇక ఓడకెక్కించి ఎక్కడికైనా పంపొచ్చు. దాని పేరే ఎల్ఎన్‌జీ. 2004లో ఖతార్ నుంచి గుజరాత్‌లోని దహేజ్‌కు ఓడలు రావడంతో మన దేశంలో ఈ దిగుమతి మొదలైంది. ఇప్పుడు దేశం వాడే సహజవాయువులో దాదాపు సగం ఇలా వచ్చేదే.

'మన గోదావరి గ్యాసు ఉండగా ఖతార్‌తో పనేంటి?' అంటారా? ఒకప్పుడు అందరూ అలాగే అనుకున్నారు. కేజీ బేసిన్ డీ6లో 2009లో ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడాదికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వచ్చింది. కాకినాడ దగ్గరి గాడిమొగ నుంచి తెలంగాణ మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైపులైను వేశారు. తర్వాత బావులు చతికిలపడ్డాయి. ఆ గ్యాసును నమ్ముకున్న విద్యుత్ కేంద్రాలు మూలనపడ్డాయి. 2020 డిసెంబరు నుంచి పక్కనున్న కొత్త బావుల గ్యాసు వస్తోంది. అయితే లోతు సముద్రపు గ్యాసుకు ప్రభుత్వం కట్టే గరిష్ఠ ధరకు దిగుమతి ఇంధనాల ధరలే ఆధారం. 2021 అక్టోబరులో యూనిట్‌కు (ఎంఎంబీటీయూ అనే కొలత) 6.13 డాలర్లున్న ఆ ధర, ఏడాది తిరిగేసరికి 12.46 డాలర్లైంది. పెరటి చెట్టు కాయకీ సంత ధరే!

ఇంతకీ ఆ సంత ఎలా నడుస్తుంది? ఎల్ఎన్‌జీని రెండు రకాలుగా కొంటారు. ఒకటి పాలఖాతా పద్ధతి. ఇరవయ్యేళ్లకు ఒప్పందం రాసుకుని, ఏటా ఇన్ని టన్నులని తెచ్చుకోవడం. రెండోది సంత బేరం. ఆ రోజు ఎంత పలికితే అంత.

సంత బేరం చూడండి. 2020 ఏప్రిల్‌లో కరోనా దెబ్బకు ఆసియాలో యూనిట్ ధర 2 డాలర్లకు పడింది. 2021 జనవరిలో జపాన్, కొరియా, చైనాల్లో చలి కొరికేసరికి 30 డాలర్లు దాటింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా పైపుల గ్యాసు తగ్గి, ఐరోపా దేశాలు ఓడల మీద పడ్డాయి. ఆగస్టుకల్లా ధర 70 డాలర్ల దరిదాపులకు చేరింది. ఆ జులైలో పాకిస్థాన్ టెండరు పిలిస్తే ఒక్కరూ రాలేదు. గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ ఫ్యాక్టరీలు చాలావరకు గ్యాసు మానేసి ప్రొపేన్‌కు మళ్లాయి.

పోనీ ఖాతా ఉంటే నిశ్చింతేనా? అదీ కాదు. రష్యా గాజ్‌ప్రోమ్ సంస్థ అనుబంధ కంపెనీతో గెయిల్‌కు ఏటా 25 లక్షల టన్నుల ఒప్పందం ఉండేది. యుద్ధం వచ్చాక ఆ కంపెనీ జర్మనీ ప్రభుత్వం చేతికి పోయింది, మన ఓడలు ఆగిపోయాయి. గెయిల్ 180 కోట్ల డాలర్ల పరిహారానికి మధ్యవర్తిత్వానికి వెళ్లింది. చివరికి 2025 జనవరిలో 28.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

మనమూ తక్కువ తినలేదు. 2015లో సంత ధర పడిపోయినప్పుడు ఖతార్ దగ్గర ఒప్పుకున్నంత తీసుకోలేదు. బేరమాడి ధర దాదాపు సగం చేయించుకున్నాం, జరిమానా కూడా మాఫీ చేయించుకున్నాం. పాతిక, ముప్ఫయ్యేళ్ల ఖాతాదారుని వదులుకోవడం అమ్మేవాడికీ కష్టమే కదా! 2024 ఫిబ్రవరిలో అదే ఖతార్‌తో 2048 దాకా ఏటా 75 లక్షల టన్నులకు మళ్లీ సంతకాలయ్యాయి. ఈలోగా అమెరికా 2023లో ఆస్ట్రేలియా, ఖతార్‌లను దాటి అతిపెద్ద అమ్మకందారు అయింది. అమ్మేవాళ్లు పెరిగితే కొనేవాడి మాటకు విలువ పెరుగుతుంది.

ఇందులో పటాన్‌చెరుకేం సంబంధం? 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్ర కాలుష్యం ఉన్న 43 పారిశ్రామిక ప్రాంతాలను గుర్తించింది. పటాన్‌చెరు-బొల్లారం అందులో ఒకటి. నక్కవాగు నీళ్ల కథ వేరు. చిమ్నీల పొగ మాత్రం లోపల ఏం మండిస్తున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. బొగ్గు బదులు గ్యాసు మండిస్తే బూడిద ఉండదు, గంధకపు పొగ దాదాపు ఉండదు. కానీ అప్పు చేసి బాయిలర్ మార్చుకున్న చిన్న పరిశ్రమకు ఆర్నెల్లకే గ్యాసు ధర రెట్టింపైతే? మళ్లీ బొగ్గే దిక్కు. ఆ పొగ పీల్చేది చుట్టుపక్కల కాలనీల పిల్లలు.

అందుకే చిన్న పరిశ్రమలు నలుగురూ కలిసి ఒక్క మాట మీద, కొన్నేళ్లకు స్థిరమైన ధర అడగాలి. విడివిడిగా వెళ్తే సంత ధరే దక్కుతుంది. గ్యాసు పైపు మా వీధికి ఎప్పుడొస్తుందని అడగడం మంచిదే. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా వేయాలి. వచ్చేది ఖాతా గ్యాసా, సంత గ్యాసా?