గ్రంథాలయంలో ఒక తిండి బీరువా పెడదాం
కర్నూలు, కడప జిల్లాల పాఠకులకు, దాతలకు, గ్రంథాలయ సంస్థల పెద్దలకు విజ్ఞప్తి



జిల్లా కేంద్ర గ్రంథాలయంలో మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఒకసారి కూర్చుని చూడండి. గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్ ఉద్యోగానికో చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి ఫ్యాను కింద చోటు పట్టుకుంటారు. క్యారియర్ తెచ్చుకున్నవాళ్లు చెట్టు కిందికి పోతారు. తెచ్చుకోనివాళ్లు సీసాకు నీళ్లు పట్టుకొచ్చి మళ్లీ అదే పేజీ ముందు కూర్చుంటారు. "తింటివా?" అంటే "తింటిన్నా" అంటారు. కోసిగి నుంచో పత్తికొండ నుంచో వచ్చి రూము బాడుగకే కిందామీదా పడుతున్న పిల్లోడు ఇంకేమంటాడు? అమ్మానాయనా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోయుంటారు.

మేం అడిగేది ఒక్కటే. ప్రతి గ్రంథాలయంలో తలుపు పక్కన ఒక ఇనుప బీరువా. అందులో పొయ్యి అక్కర్లేని తిండి: బొరుగులు, పుట్నాలు, వేయించిన శనక్కాయలు, అటుకులు, బెల్లం, బిస్కెట్లు. ఉన్నవాళ్లు పెడతారు, ఆకలైనవాళ్లు తీసుకుంటారు. పేరు రాయించుకునేది లేదు, ఆధార్ అడిగేది లేదు.

అన్నం పెట్టడం సీమకు కొత్త కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమంది కడుపు నింపితే, విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. 1952 కరువులో గంజి కేంద్రాలు నడిచాయి. అయితే ఇవన్నీ కరువొచ్చిందని లోకమంతా ఒప్పుకున్నాక జరిగినవి. మామూలు సంవత్సరంలో, మామూలు మంగళవారం మధ్యాహ్నం ఒక మనిషి పస్తుంటే దానికి ఏ కలెక్టరూ ప్రకటన ఇవ్వడు. మా బీరువా ఆ మంగళవారం కోసం.

గ్రంథాలయం పుస్తకాలకు కదా, తిండి ఎందుకంటారు. మన కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమాన్నీ వయోజన విద్యనూ ఒకే పనిగా చూసినవారు. 1935లో పాతూరి నాగభూషణం పడవకు పుస్తకాలెత్తి కాలువ వెంట ఊళ్లకు తీసుకుపోయారు. పాఠకుడికి ఏది అడ్డమో చూసి దాన్ని తీసేయడమే వాళ్లు చేసిన పని. ఇప్పుడు ఆకలి అడ్డం. కాలిఫోర్నియా గ్రంథాలయాల్లో 2013 నుంచి వేసవి సెలవుల్లో పిల్లలకు మధ్యాహ్నం భోజనం పెడుతున్నారు. బడి మూస్తే బడి భోజనమూ ఆగుతుంది గనుక. మన గ్రంథాలయాల్లో జరిగే వేసవి విజ్ఞాన శిబిరాలకు వచ్చేదీ అలాంటి పిల్లలే.

అన్న క్యాంటీన్ ఉంది కదా? ఉంది, మంచిదే. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు, ఐదు రూపాయలకు కడుపు నిండుతుంది. కానీ అవి ఎక్కువగా పట్టణాల్లోనే. శాఖా గ్రంథాలయాలు మండలాల్లోనూ ఉన్నాయి.

ఎలుకలొస్తే పుస్తకాలు పోతాయని లైబ్రేరియన్లు భయపడతారు. ఆ భయం నిజమే. అందుకే బీరువా పుస్తకాల ర్యాకులకు దూరంగా, తిండంతా బిగుతు మూతల స్టీలు డబ్బాల్లో ఉండాలి. మన ఎండలకు శనక్కాయలు తొందరగా ముక్క వాసనొస్తాయి. కొంచెం కొంచెంగా పెట్టి, వారం వారం చూసి తీసేయాలి. ఆ పని పాఠకులం వంతులేసుకుని చేస్తాం, సిబ్బంది నెత్తిన వేయం. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం మాత్రం తేవద్దు. మిగులు ఆహారం పంచడానికి 2019 నుంచి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలున్నాయి; ఆ బాధ్యత మోసే ఏర్పాటు గ్రంథాలయానికి లేదు.

ఒకడే వచ్చి సంచి నింపుకుపోతే? పోనీండి. పుస్తకాలు కొట్టేసేవాళ్లున్నారని గ్రంథాలయాలు మూసేశామా?

1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. అది పుస్తకాల డబ్బు, దాంట్లో ఒక్క పైసా అడగం. ఆదోని శనక్కాయల వ్యాపారులు, నంద్యాల రైసుమిల్లుల వాళ్లు, ఇంట్లో పుట్టినరోజు చేసుకునే ప్రతివాళ్లూ తలా ఒక డబ్బా నింపితే చాలు. ఫ్లెక్సీలు మాత్రం కట్టొద్దు. బిస్కెట్ పొట్లం అందుకుంటూ ఫొటోలో పడాల్సివస్తే ఆ పిల్లోడు రేపు బీరువా దగ్గరికే కాదు, గ్రంథాలయానికే రాడు.

రెండు జిల్లాల గ్రంథాలయ సంస్థలూ ముందు కర్నూలు, కడప కేంద్ర గ్రంథాలయాల్లోనూ, మండలాల్లో వలసలెక్కువున్న చోట్లా అనుమతి ఇవ్వాలి. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. బీరువా ఆ రోజే తెరుద్దాం. ఆ అనుమతి కోరే వినతిపత్రం మీద సంతకం పెట్టండి. వచ్చేటప్పుడు మూత గట్టిగా బిగిసే డబ్బా ఒకటి తెండి, ఖాళీదైనా సరే.

— గ్రంథాలయ పాఠకులు