మూసిన తలుపులు, పుట్టిన కథలు

ఫ్రీమేసన్లంటే సోదరభావం, దానధర్మాలు తమ ఆశయాలని చెప్పుకుంటూ, మూసిన తలుపుల వెనక సమావేశమయ్యే పాత సంఘంవారు. మన హైదరాబాదులోని గోషామహల్ బారాదరి 1872లో వారి చేతికి వచ్చింది.

తలుపు మూస్తే కథలు పుడతాయి కదండీ! లాహోరులో వారి భవనాన్ని జనం ‘జాదూఘర్’ అనేవారని కిప్లింగ్ 1901 నాటి ‘కిమ్’ నవలలో రాశాడు. ఆయనా సభ్యుడే! 2009లో డాన్ బ్రౌన్ ‘ది లాస్ట్ సింబల్’ నవలలో ఏకంగా పుర్రెలో ద్రాక్షసారా పోసి తాగించాడు.

మరి సభ్యులేం చేశారు? క్రిస్టఫర్ హోడాప్ అనే అమెరికా మేసన్, అందులో ఏది నిజమో ఏది కల్పనో విడమరుస్తూ 2010లో ఒక పుస్తకమే వెలువరించారు. కోపగించుకోవటం కన్నా ఇది మేలు.

బ్యాంకువాణ్ణి కనుక ఒక మాట. ఖాతాదారు గుట్టు కాపాడటం మర్యాద. లెక్కలు దాచటం నేరం. ఆ తేడా మనం చెబితేనే బయటివారికి తెలుస్తుంది.

బెంగళూరులో మన సంగతీ అంతే. సంఘం హాలులో తలుపు వేసుకుని మనలో మనమే తెలుగులో మాట్లాడుకుంటే, పక్కింటి కన్నడిగులకు మనదీ జాదూఘరే. ఉగాది వారికీ పండుగే. ఈసారి వారినీ పిలుద్దాం. వారు బేవు బెల్ల తెస్తారు, మనం పచ్చడి పెడదాం.