తక్కిన 13 శాతం సంగతి చెప్పండి

ఆయిల్ ఇండియా ఛైర్మన్ గారికి,

అండమాన్ తూర్పు తీరానికి 17 కిలోమీటర్ల దూరంలో మీరు తవ్విన శ్రీ విజయపురం-2 బావిలో గ్యాస్ పడిందని 2025 సెప్టెంబరులో ప్రకటన వచ్చింది. నమూనాలను ఓడలో కాకినాడ తీసుకెళ్లి పరీక్షిస్తే మీథేన్ 87 శాతం అని తేలిందన్నారు. సంతోషం. డీజిల్ కరెంటు మీద బతికే దీవులివి. మరి తక్కిన 13 శాతంలో ఏమున్నాయి?

బావిలోంచి గ్యాస్ ఒంటరిగా రాదు. నీరు, ద్రవ ఇంధనం, కొన్నిచోట్ల కార్బన్ డయాక్సైడ్ వెంట వస్తాయి. నీరూ కార్బన్ డయాక్సైడూ కలిస్తే ఆమ్లమై ఉక్కు గొట్టాన్ని తినేస్తుంది. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులైన్‌లో తడి గ్యాస్ పంపితే ఏమవుతుందో 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామం చూసింది. లైను పగిలి మంటలు చెలరేగి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ లైను మీది కాదు, నిజమే. అయినా అడగక తప్పదు.

ఇంకో మాట. అమీన్ అనే రసాయన ద్రావణంతో కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసి, తీరా గాలిలోకే వదిలేస్తే ఒరిగేదేమిటి? ఆ వాయువు భూమినీ సముద్రాన్నీ వేడెక్కిస్తుంది; 2010లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు తెల్లబారాయి.

కాబట్టి గ్యాస్ పూర్తి విశ్లేషణ బయటపెట్టండి. నీటిని తొలగించే యూనిట్, కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి భూగర్భంలోకి పంపే ఏర్పాటు, బావి నీటి శుద్ధి, ఈ మూడూ తొలి ప్రణాళికలోనే, ఖర్చుతో సహా ఉండాలి. ఆ ప్రణాళికను ఆమోదానికి ముందే హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగుల్లో మా ముందు పెట్టండి.

ఇట్లు,
శ్రీ విజయపురం తెలుగువాడు